అప్పు మీది కాదని చెప్పడానికి దొంగ పేరు తెలియనక్కర్లేదు

కడప నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరమిది. ఇంటి దగ్గరే జాకెట్లు కుడతారు, మగ్గం పని చేయిస్తారు. ఇద్దరు అమ్మాయిలు ఆమె దగ్గర పనికి వస్తారు. భర్త లారీ మెకానిక్కు. పెళ్ళిళ్ళ గిరాకీ పెరిగిందని రెండు జూకీ మిషన్లు, ఒక ఓవర్‌లాక్ మిషన్ కొనాలనుకుని, సంక్రాంతి వెళ్ళాక బ్యాంకులో ముద్రా కింద లక్షన్నరకు అర్జీ పెట్టారు. వారం రోజుల్లో బ్యాంకువాళ్ళు పిలిపించి ఇవ్వలేమన్నారు. ఆమె పాన్ మీద మూడు అప్పులు కనిపిస్తున్నాయట. ఒకటి ఆమెదే: దసరాకు ముందు వాయిదాల మీద కొన్న 15 వేల ఫోను. ఒక్క కంతు కూడా తప్పలేదు. మిగతా రెండూ ఆమె ఎరగనివి. ఒక ఫైనాన్స్ కంపెనీలో ఏదో వస్తువు కొన్నట్టు 42 వేలు, ఇంకో కంపెనీలో యాప్ ద్వారా తీసుకున్నట్టు 60 వేలు. రెండూ ఆ ఫోను కొన్న వారంలోనే మొదలయ్యాయి. మొదట్లో ఒకటి రెండు కంతులు ఎవరో కట్టారు, ఆ తర్వాత ఆపేశారు. ‘ఇన్ని బాకీలు పెట్టుకోని మళ్ళా ఎట్ల అడుగుతావమ్మా’ అని ఆఫీసరు అందరి ముందర అన్నాడని రాశారు.

ఫోను కొన్న షాపులో ఆమె ఆడబిడ్డ కొడుకే పనిచేస్తాడు. 23 ఏళ్ళవాడు. ఆ రోజు కాగితాల పనంతా అతనే చూసుకున్నాడు. ‘అత్తా, ఆధారూ పానూ ఇయ్యి’ అని తీసుకున్నాడు. కౌంటరులో ఇంకొకతను ఫోటో తీశాడు, సరిగా రాలేదని మళ్ళీ తీశాడు. ఓటీపీ మూడుసార్లు వచ్చింది, మూడూ ఆమె చదివి చెప్పారు. ఆమె అప్పుల చరిత్ర చూపించే సిబిల్ రిపోర్టులో ఆమెకు తెలియని ప్రొద్దుటూరు చిరునామా ఒకటి ఉంది. ఆడబిడ్డ కాపురం ప్రొద్దుటూరులోనే, కానీ ఆ వీధిలో కాదు.

భర్త షెడ్డు పెట్టుకునేటప్పుడు ఆ ఆడబిడ్డే తన గాజులు తీసి ఇచ్చింది. అందుకని అత్తగారు ‘దాని గాజులతో నిలబడి దాని కొడుకును జైల్లో వేయిస్తావా’ అంటున్నారు. భర్త ఏమో ఆమె గొలుసు కుదువ పెట్టి గప్‌చుప్‌గా కట్టేద్దామంటున్నాడు. వసూళ్ళవాళ్ళు తెల్లవారి ఏడుకు ముందే మొదలుపెట్టి రాత్రి పది దాకా ఫోన్లు చేస్తున్నారు, జాకెట్లు కుట్టించుకునే ఒకావిడకు కూడా చేసి చెప్పారు. ఊళ్ళో ఒకాయన 8 వేలిస్తే సిబిల్ ‘క్లీన్’ చేయిస్తానన్నాడు. ఇంకెవరో ఆధార్, పాన్ రెండూ కొత్తవి తీసుకోమన్నారు.

‘కట్టేయాల్నా? కేసు పెట్టాల్నా? నంబర్లు మార్చుకోవచ్చా? పిల్లోడు చేసినాడో లేదో నాకు తెలీదు మేడమ్. చేయలేదని తేలితే ఆ గడప మళ్ళా ఎట్ల తొక్కాలి?’ ఇదీ ఆమె అడుగుతున్నది.

అమ్మా,

మీరు సిగ్గుపడాల్సింది ఏమీ జరగలేదు. నలుగురిలో మిమ్మల్ని ఆ మాట అన్న ఆఫీసరు, ఆ అప్పులు ఎవరివని ముందు మిమ్మల్ని అడగాల్సింది.

మీ ఇంట్లో రెండు సంగతులు ఒకే ముడిలో పడ్డాయి. ఈ అప్పులు మీవి కావన్నది ఒకటి. చేసిందెవరన్నది ఇంకొకటి. మొదటిది మీకు కచ్చితంగా తెలుసు. రెండోది మీకు తెలియదు, మీ అత్తగారికీ తెలియదు, బహుశా మీ ఆడబిడ్డకూ తెలియదు. ఫైనాన్స్ కంపెనీకి, సిబిల్‌కు, బ్యాంకుకు మీరు చెప్పుకోవాల్సింది మొదటిదే. దానికి ఎవరి పేరూ అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ‘పిల్లోడి సంగతి తేలనీ, తర్వాత చూద్దాం’ అని మీవాళ్ళు అంటున్న కొద్దీ నష్టపోయేది మీరొక్కరే. ఎందుకంటే ఇందులో కొన్ని ఆధారాలకు గడువు ఉంది.

అన్నిటికంటే త్వరగా చేజారేది ఆధార్ చరిత్ర. మీ ఆధార్‌ను ఎవరు, ఏ రోజు, ఏ సమయానికి, ఓటీపీతోనా వేలిముద్రతోనా వాడారు అన్నది ఆధార్ ఇచ్చే ఉడాయ్‌వారి మై ఆధార్ పోర్టల్‌లో ‘అథెంటికేషన్ హిస్టరీ’ అన్నచోట కనిపిస్తుంది. అడిగిన సంస్థ పేరు కూడా ఉంటుంది. కానీ గడిచిన ఆరు నెలలవే చూపిస్తుంది. దసరా ముందు నుంచి లెక్కపెట్టండి, గడువు దగ్గర పడింది. ఈ ఉత్తరం చదివిన రోజే అది దించుకుని ప్రింటు తీయించండి. ఫోను కొన్న రోజున మీ ఫోను అప్పు ఇచ్చిన కంపెనీ పేరుతో పాటు ఇంకో రెండు కంపెనీల పేర్లు పక్కపక్కనే కనిపిస్తే, షాపులో ఒక్కసారి కూర్చోబెట్టి మీ చేత మూడు అర్జీలు పెట్టించారని అర్థం.

ఆ పేజీ తెరవాలంటే ఆధార్‌కు లింకు చేసిన మొబైల్ నంబరు మీ దగ్గర ఉండాలి. పాత నంబరు లింకై ఉండి ఆ సిమ్ వదిలేసి ఉంటే, ముందు ఆధార్ కేంద్రానికో, ఆ సేవ ఉన్న సచివాలయానికో వెళ్ళి నంబరు మార్పించుకోండి. వదిలేసిన నంబర్లను కొన్నాళ్ళకు కంపెనీలు వేరేవాళ్ళకు ఇచ్చేస్తాయి. అప్పుడు మీ ఓటీపీలు వాళ్ళకు పోతాయి.

రెండో ఆధారం మీ చేతిలోనే ఉంది. ఆ మూడు ఓటీపీలు వచ్చిన మెసేజీలు. ఫోను మార్చినా సరే, పాతది ఇంట్లో ఎక్కడో పడి ఉంటే ఛార్జింగ్ పెట్టి తెరిచి ఆ తేదీ దాకా వెనక్కి వెళ్ళండి. ఓటీపీ మెసేజీలో అంకెలను మాత్రమే మనం చూస్తాం. పైన పంపినవాళ్ళ గుర్తు ఉంటుంది, లోపల ‘ఫలానా అప్పు ఒప్పందానికి’ అనో, ‘ఈ-కేవైసీకి’ అనో రాసి ఉంటుంది. మూడూ ఒకే చోటు నుంచి వచ్చాయా, వేర్వేరు చోట్ల నుంచి వచ్చాయా చూడండి. సమయంతో సహా కనిపించేట్టు స్క్రీన్‌షాట్లు తీసి మీ ఆయన ఫోనుకు కూడా పంపి ఉంచండి. ఒక్కటీ చెరపకండి.

మూడోది సిబిల్ రిపోర్టే. బ్యాంకువాళ్ళు చూపించింది పైపైన. మీరు సొంతంగా పూర్తి రిపోర్టు తీసుకోండి. ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అని నాలుగు క్రెడిట్ సంస్థలున్నాయి. ఒక్కొక్కటీ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం. అందులో స్కోరు అంకె మీద ఆగిపోవద్దు. ఒక్కో అప్పు కింద తెరిచిన తేదీ ఉంటుంది. మీ పేరుకు కట్టిన ఫోన్ నంబర్లు, చిరునామాలు ఇంకోచోట వరసగా ఉంటాయి. మీరు ఎన్నడూ వాడని నంబరు అక్కడ ఉంటే, అది ప్రొద్దుటూరు చిరునామా కంటే విలువైనది. ఆ సిమ్ ఎవరిదో పోలీసులు తేల్చగలరు. కింద ‘ఎంక్వయిరీలు’ అన్న భాగంలో, అప్పు ఇవ్వకపోయినా మీ పాన్ పెట్టి ఆరా తీసిన కంపెనీల పేర్లు కనిపిస్తాయి. ఇంకా ఎక్కడెక్కడ ప్రయత్నించారో దానితో తెలుస్తుంది.

ఇప్పుడు మీవాడి మీద అనుమానం గురించి. మీ ఉత్తరంలోవే కొన్ని మాటలు మీకు గుర్తుచేస్తాను. ఫోటో రెండుసార్లు తీసింది అతను కాదు, కౌంటరులో ఉన్న ఇంకొకతను. చిరునామా ప్రొద్దుటూరుదే, కానీ మీ ఆడబిడ్డ వీధి కాదు. కడప షాపుల్లో పనిచేసే ప్రొద్దుటూరు పిల్లలు ఒక్కరా ఇద్దరా? ఒక కస్టమరు కాగితాలతో రెండో అప్పు పుట్టించడం కౌంటరులో కూర్చున్న ఎవరికైనా సాధ్యమే: కాగితాలున్నాయి, మనిషి ఎదురుగా ఉంది, ఓటీపీ చదివి చెబుతోంది. ఒకటి రెండు కంతులు కట్టి ఆపడం కూడా అందుకే. మొదటి నెలలోనే వసూళ్ళవాళ్ళు ఫోను చేస్తే ఎక్కడ జరిగిందో మీకు వెంటనే తట్టేది. నెలలు గడిస్తే షాపు గుర్తుకు రాదు. కాబట్టి అతను చేసి ఉండవచ్చు, తెలిసి నోరు మూసుకుని ఉండవచ్చు, ఏమీ తెలియకుండానూ ఉండవచ్చు. మూడింటిలో ఏదన్నది ఇంట్లో కూర్చుని తేల్చే విషయం కాదు. ఇప్పటికైతే మీ దగ్గర ఉన్నది అనుమానమే.

కట్టేద్దామన్న మీ ఆయన మాటకు వస్తాను. ఆయన ఆలోచన చెడ్డది కాదు, గొడవ లేకుండా బయటపడాలని చూస్తున్నాడు. కట్టేస్తే ఫోన్లు ఆగుతాయి, అది నిజం. కానీ 1,02,000 అసలు, పైన వడ్డీ, పెనాల్టీ కట్టాక కూడా మీ రిపోర్టు శుభ్రం కాదు. కంతులు తప్పిన నెలల గుర్తులు ఆ అప్పు కింద 36 నెలల దాకా కనిపిస్తూనే ఉంటాయి. కొంత తగ్గించి కట్టించుకుంటే ‘సెటిల్డ్’ అని పడుతుంది, బ్యాంకులు దాన్ని బాకీ ఎగ్గొట్టినంత పనిగానే చూస్తాయి. అంటే గొలుసు పోతుంది, ముద్రా రుణమూ రాదు. పైగా మీ చేతులతో ఒక్క కంతు కట్టినా, ఆ అప్పు మీదేనని ఒప్పుకున్నట్టు కంపెనీ వాదిస్తుంది. రేపు ఇంకో అప్పు బయటపడితే ‘అది నాది కాదు’ అన్నప్పుడు ‘మొన్నటివి కట్టారు కదా’ అంటారు. పిల్లవాడే ముందుకొచ్చి కడతానన్నా ఇదే లెక్క: డబ్బు తీరుతుంది, మచ్చ మీ పేరునే ఉంటుంది. ఇవన్నీ తెలిసి కూడా ప్రశాంతత కోసం కట్టాలనుకుంటే అది మీ ఇష్టం. కట్టే ముందు మాత్రం ‘ఈ అప్పు నేను తీసుకోలేదు, అభ్యంతరం ఉంచుకునే కడుతున్నాను’ అని రాసి ఇచ్చి, బాకీ లేదన్న ఉత్తరం తీసుకోకుండా రూపాయి కట్టకండి. నా అభిప్రాయం అడిగితే, గొలుసు బీరువాలోనే ఉండనివ్వండి.

దాని బదులు రెండు కంపెనీలకూ వాళ్ళ ఫిర్యాదుల అధికారి పేరున ఉత్తరం రాయండి. ఆ అధికారి పేరు, మెయిలు కంపెనీ వెబ్‌సైటులో ఉండాలి. మెయిలు పంపండి, స్పీడు పోస్టులోనూ పంపండి. తెలుగులో రాసినా ఫరవాలేదు. ఇంత చాలు: ‘ఫలానా నంబరు అప్పు నేను తీసుకోలేదు. నా ఆధార్, పాన్ దుర్వినియోగం చేసి ఎవరో తీసుకున్నారు. ఈ అప్పుకు సంబంధించిన అర్జీ, అప్పుడు తీసిన ఫోటో, ఒప్పందం, ఓటీపీ వెళ్ళిన మొబైల్ నంబరు, డబ్బు జమ చేసిన ఖాతా వివరాలు, వస్తువైతే బిల్లు నాకు పంపండి. విచారణ ముగిసేదాకా వసూలు ఆపండి. క్రెడిట్ సంస్థలకు పంపిన సమాచారం సరిచేయండి.’

ఇందులో ఒక్కో మాటకు పని ఉంది. యాప్ అప్పుల డబ్బు అప్పు తీసుకున్న మనిషి సొంత బ్యాంకు ఖాతాలోనే వేయాలని రిజర్వు బ్యాంకు 2022లోనే నియమం పెట్టింది. ఆ 60 వేలు మీ ఖాతాలో పడలేదని మీ పాస్‌బుక్కు చెబుతుంది. మరి ఎక్కడ పడింది? మీ పేరునే మీకు తెలియని ఖాతా ఒకటి తెరిచి అందులో వేసి ఉంటే అది ఇంకా ప్రమాదం, రేపు ఎవరి మోసం సొమ్మో అందులో తిరగవచ్చు. అప్పుడు ఆ బ్యాంకుకు కూడా వెంటనే రాయాలి. ఇక 42 వేలది వస్తువు అప్పు కాబట్టి డబ్బు షాపుకు పోయి ఉంటుంది. దానికి బిల్లు ఉండాలి, ఆ బిల్లు మీద షాపు పేరు ఉండాలి. కొన్నది ఫోనైతే, ఒక్కో ఫోనుకు విడిగా ఉండే ఐఎంఈఐ నంబరు కూడా ఉంటుంది. ఆ ఫోనులో ఈ రోజు ఎవరి సిమ్ ఉందో పోలీసులు కనుక్కోగలరు. మీవాడి మీద ఉన్న అనుమానం నిజమో అబద్ధమో ఆ బిల్లుతో తేలే అవకాశం ఎక్కువ.

అదే రోజు నాలుగు క్రెడిట్ సంస్థల వెబ్‌సైట్లలోనూ ఆ రెండు అప్పుల మీద ‘డిస్ప్యూట్’, అంటే అభ్యంతరం, వేయండి. పైసా ఖర్చుండదు. 30 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలన్న నియమం 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అయితే అప్పిచ్చిన కంపెనీ సరేనంటేనే ఈ సంస్థలు రికార్డు మారుస్తాయి. అందుకే కంపెనీకి ఉత్తరం తప్పనిసరి. కంపెనీ 30 రోజుల్లో బదులివ్వకపోయినా, ఇచ్చిన బదులు న్యాయంగా లేకపోయినా ఇలాంటి తగాదాలు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. 14448కి ఫోను చేస్తే ఎలా చేయాలో చెబుతారు. దానికీ రుసుము లేదు.

ఇప్పుడు ఆ 8 వేల పెద్దమనిషి సంగతి అర్థమై ఉంటుంది. ఆయన చేసేది ఈ ఉచిత డిస్ప్యూటే. దానికోసం మీ ఆధార్, పాన్, ఓటీపీ మళ్ళీ అడుగుతాడు. దయచేసి ఇవ్వకండి.

వసూళ్ళవాళ్ళ విషయం. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోను చేయకూడదని, చుట్టాలకూ తెలిసినవాళ్ళకూ చెప్పి పరువు తీయకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశాలున్నాయి. ఆ కస్టమరు ఆవిడను అడిగి, ఏ నంబరు నుంచి ఎప్పుడు వచ్చిందో రాసుకోండి. మీకు ఫోనొస్తే ‘ఈ అప్పు నాది కాదు, ఫలానా తేదీన రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను, ఇక రాతలోనే మాట్లాడండి’ అని చెప్పి పెట్టేయండి. వాదించకండి, ఏడవకండి, ‘నెలాఖరుకు చూస్తాను’ అని అసలే అనకండి. ఆ ఒక్క మాటను వాళ్ళు ఒప్పుకోలుగా రాసుకుంటారు.

పోలీసుల దగ్గరకు వెళ్ళాలా అన్నది మీకు అన్నిటికంటే కష్టంగా ఉంది. ఇందులో మూడు దారులున్నాయి.

ఒకటి, పోలీసుల దాకా పోకుండా కంపెనీ, క్రెడిట్ సంస్థ, అంబుడ్స్‌మన్‌లతోనే నెట్టుకురావడం. ఒక్కోసారి పని అవుతుంది, ముఖ్యంగా అర్జీలో ఉన్న ఫోటో మీది కాకపోతే. కానీ మీ విషయంలో ఫోటో మీదే అయ్యుండే అవకాశం ఉంది, మీ కళ్ళముందే తీశారు కాబట్టి. అప్పుడు కంపెనీ ‘ఫోటో మీది, ఓటీపీ మీరు చెప్పారు, ఇంకేం కావాలి’ అంటుంది, పోలీసు ఫిర్యాదు కాగితం అడుగుతుంది. అది లేకపోతే మీ మాట తేలిపోతుంది.

రెండు, పేరు చెప్పకుండా, జరిగింది జరిగినట్టు ఫిర్యాదు ఇవ్వడం. ఏ షాపు, ఏ తేదీ, ఎవరెవరు ఉన్నారు, ఓటీపీలు ఎన్ని, ఏ అప్పులు బయటపడ్డాయి. చేసినవాళ్ళు ‘గుర్తు తెలియని వ్యక్తులు’. ఇందులో అబద్ధం లేదు, మీకు నిజంగానే తెలియదు. అలాగని మీవాడు అక్కడ పనిచేస్తున్న సంగతి దాచకండి. దాచి తర్వాత బయటపడితే మీ ఫిర్యాదు మొత్తం మీద నమ్మకం పోతుంది. పోలీసులు షాపులో అందరినీ పిలిచినట్టే అతన్నీ పిలుస్తారు, దానికి ఇంట్లో ముందే సిద్ధపడండి. తప్పు చేయనివాడైతే అతనికీ ఇదే మేలు. ఇప్పుడు అతని మీద పడిన నీడ తొలగాలంటే ఎవరో ఒకరు సరిగ్గా విచారించాలి కదా.

మూడు, అతని పేరు పెట్టి ఫిర్యాదు ఇవ్వడం. చేతిలో బిల్లో, ఫోన్ నంబరో అతని వైపు చూపిస్తే తప్ప ఇది ఇప్పుడు వద్దంటాను. ఇతరుల గుర్తింపు దొంగిలించడానికి సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం 66సి సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. భారతీయ న్యాయ సంహిత 318(4) కింద మోసమైతే ఏడేళ్ళ దాకా. ‘తర్వాత రాజీ పడదాంలే’ అనుకోకండి. ఐటీ చట్టంలో రాజీకి వీలిచ్చే 77ఎ సెక్షనే, నేరం స్త్రీ మీద జరిగితే ఆ వీలు లేదంటుంది. పేరు పెట్టాక వెనక్కి తీసుకోవడం ఎవరి చేతిలోనూ తేలిగ్గా ఉండదు.

నాకు రెండో దారి సరైనదనిపిస్తోంది. సైబర్ క్రైమ్ జాతీయ పోర్టల్‌లోనో, 1930కి ఫోను చేసో మొదట నమోదు చేయించి, ఆ రసీదు నంబరుతో మీ స్టేషనుకు వెళ్ళండి. ఐటీ చట్టం కేసులు ఇన్‌స్పెక్టరు స్థాయి అధికారే దర్యాప్తు చేయాలి, కాబట్టి సీఐనే కలవండి. ‘ఇది మా పరిధి కాదు’ అని తిప్పి పంపకూడదు, ఎక్కడ ఇచ్చినా తీసుకోవాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173 సెక్షన్‌లో ఉంది. తీసుకోకపోతే అదే ఫిర్యాదు జిల్లా ఎస్పీకి పోస్టులో పంపవచ్చు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. ఒంటరిగా వెళ్ళడానికి బెదురైతే, జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు ముందు వెళ్ళండి. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్ళకు ఉచితంగా వకీలును ఇస్తారు, అది 1987 చట్టం ఇచ్చిన హక్కు. 15100కి ఫోను చేసినా చాలు. ఉత్తరాలు కూడా వాళ్ళే రాసిపెడతారు.

ఇంట్లో మాట్లాడటం ఎప్పుడు? ఆధార్ చరిత్ర, మెసేజీలు, రిపోర్టులు మీ చేతికి వచ్చి, కంపెనీలకు ఉత్తరాలు పోస్టు చేశాక. అంతకుముందు మాట్లాడితే, నిజంగా చేసినవాడు ఎవరైనా సరే, షాపులో ఉన్నవి మాయం చేసే వ్యవధి ఇచ్చినట్టవుతుంది. మాట్లాడేటప్పుడు మీ ఆయనే మొదట మీ ఆడబిడ్డతో మాట్లాడటం మంచిది, పిల్లవాడితో కాదు. ‘నీ కొడుకు చేశాడు’ అని కాదు. ‘ఆ షాపులో ఇచ్చిన కాగితాలతో మా మీద లక్ష అప్పు పుట్టింది. ఫిర్యాదు ఇస్తున్నాం. మనవాడు అక్కడ ఉన్నాడు కాబట్టి అతన్నీ అడుగుతారు. తెలిసింది ఏదైనా ఉంటే ముందే చెప్పమను, మేం అతని వెంట ఉంటాం’ అని. గాజులు ఇచ్చిన చేతికి ఈ గౌరవం దక్కాలి, ఈ విషయం పోలీసుల ద్వారా కాక మీ నోటి ద్వారా తెలియాలి. ఆమె కోపగించుకోవచ్చు, కొన్నాళ్ళు మాటలు ఆగిపోవచ్చు. అది జరగదని నేను చెప్పలేను. మీ అత్తగారితో మాత్రం ఒక్క మాట అనండి: ఆ గాజుల రుణం తీర్చుకోవడానికి ఇంకా చాలా దారులున్నాయి, ఇంకొకరి అప్పు నెత్తిన వేసుకోవడం అందులో ఒకటి కాదు.

నంబర్లు మార్చుకోవడం గురించి. కుదరదు. ఆధార్ నంబరు జీవితానికి ఒకటే. పాన్ రెండోది తీసుకుంటే తప్పు మీదవుతుంది, 10 వేలు జరిమానా. మార్చలేం కానీ తాళం వేయగలం. మై ఆధార్ పోర్టల్‌లో బయోమెట్రిక్ లాక్ చేస్తే మీ వేలిముద్ర, కంటిపాప, ముఖం ఎవరూ వాడలేరు. ఒక ఇబ్బంది ఉంది: చౌక డిపోలో వేలు పెట్టేటప్పుడు పనిచేయదు, కాసేపు తాళం తీసి మళ్ళీ వేసుకోవాలి. అయినా ఇది మీ అత్తగారికి కూడా అవసరమే, ఎందుకంటే ఆధార్‌తో డబ్బు తీసే మిషన్‌కు పిన్ను, ఓటీపీ ఏవీ అక్కర్లేదు, ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. భూమి రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలను నకలు తీసి అలా ఖాతాలు ఊడ్చిన ముఠాలు మన రాష్ట్రంలో దొరికాయి. పింఛను రోజున మాత్రం ఆమెది తాళం తీసి ఉంచాలని గుర్తుపెట్టుకోండి.

అయితే మీకు జరిగింది ఓటీపీతో జరిగిన పని, వేలిముద్ర తాళం దాన్ని ఆపదు. దానికి ఆధార్ నంబరు బదులు వాడుకునే 16 అంకెల వర్చువల్ ఐడీ తయారుచేసుకుని ఆధార్ నంబరునే లాక్ చేసే వీలుంది. అప్పుడు నంబరు తెలిసినా ఓటీపీ కూడా రాదు, అవసరమైనచోట వర్చువల్ ఐడీ ఇవ్వాలి. మన బ్యాంకుల్లో, దుకాణాల్లో కొందరు దాన్ని చూసి తెల్లమొహం వేస్తారు, ఆ విసుగుకు ఓర్చుకోవాలి. పాన్‌కు ఏ తాళమూ లేదు. నాలుగు క్రెడిట్ సంస్థల ఉచిత రిపోర్టులనూ ఈసారి ఒకేసారి తీసుకోక తప్పదు. వచ్చే ఏడాది నుంచి మూడు నెలలకొకటి చొప్పున తీస్తే ఏడాదంతా కాపలా ఉన్నట్టే. కేంద్ర టెలికాం శాఖవారి సంచార్ సాథీ వెబ్‌సైటులో మీ పేరున ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసి, మీవి కానివి ‘నాది కాదు’ అని నొక్కండి. జీఎస్టీ వెబ్‌సైటులో మీ పాన్ కొట్టి చూడండి. మీ పేరున ఏ వ్యాపారమూ కనిపించకూడదు, కనిపిస్తే అదీ ఫిర్యాదులో చేర్చాలి.

ఇక మీదట జిరాక్సు ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. కాపీ మీద అడ్డంగా, అంకెల మీదుగా పోయేట్టు, ఎవరికి, దేనికి, ఏ తేదీన ఇచ్చారో పెన్నుతో రాయండి. మీ డ్వాక్రా సంఘంలోనూ అందరి చేతా అలా రాయించండి. జిరాక్సు షాపుకు వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్ మీరు అక్కడ ఉండగానే తీసేయమనండి. ఓటీపీ చెప్పే ముందు మెసేజీ మొత్తం పైకి చదవండి, కొడుకైనా, మేనల్లుడైనా, బ్యాంకు మేనేజరైనా.

మిషన్ల విషయానికి వస్తే, ఈ లోపల వేరే బ్యాంకులో, వేరే ఫైనాన్సులో అర్జీ పెట్టకండి. పెట్టిన ప్రతిచోటా ఒక ఎంక్వయిరీ పడి స్కోరు ఇంకా దిగుతుంది. అదే బ్యాంకుకు వెళ్ళి మేనేజరును కలిసి ఎఫ్‌ఐఆర్ కాపీ, డిస్ప్యూట్ నంబర్లు ఇచ్చి, అర్జీని పూర్తిగా మూసేయకుండా పెండింగులో ఉంచమని రాతపూర్వకంగా అడగండి. మీ సొంత ఫోను అప్పు కంతు మాత్రం ఒక్క రోజు కూడా తప్పనివ్వకండి. మీరు కంతులు సరిగ్గా కడతారని చూపించే వరస ఆ రిపోర్టులో ప్రస్తుతానికి అదొక్కటే.